అమ్మ తూటాలు, అమ్మమ్మ వత్తులు

పోయిన శనివారం చెత్తడబ్బా వీధి అంచుకి తోసుకెళ్తుంటే పక్కింటి గరాజ్‌లోంచి వచ్చిన ఒక వాసన నన్ను అక్కడే నిలబెట్టేసింది. తడిసిన ఇత్తడి, గిన్నెలు కడిగే సబ్బు, కాస్త పుల్లగా నిమ్మ ఉప్పు, వాటన్నిటి అడుగున కాలిన తుపాకీ మందు తాలూకు ఘాటు. ఆ వాసన పీల్చి ముప్పై ఏళ్ల పైమాటే. తొంగి చూస్తే, ఈమధ్యే ఇల్లు కొనుక్కుని వచ్చిన తెలుగు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాడు, నీళ్లు నింపిన చిన్న పీపాని మోటారు మీద గిరగిరా తిప్పుతున్నాడు. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులట, లోపల సన్నటి స్టీలు సూదులు వేశాడట, మూడు గంటల్లో కొత్తవాటిలా అయిపోతాయట. "మళ్లీ మందు నింపుకుని వాడుకోవచ్చు ఆంటీ. మీకివన్నీ ఎక్కడ తెలుస్తాయిలెండి" అన్నాడు. మంచి పిల్లాడు కాబట్టి ఊరుకున్నాను గానీ, అదే పని నేను నా పదకొండో ఏట ఎవరి కోసం చేశానో చెప్తే పీపా ఆపేసి కూర్చునేవాడు. వాడికి చెప్పనిది మీకు చెప్తాను.

మా ఇంట్లో తుపాకీ అమ్మది. ఈ మాట అంటే ఇప్పటికీ మనవాళ్లు "నాన్నగారిదా?" అని సవరించి అడుగుతారు. కాదు, అమ్మదే. నాన్నకి దీపావళి మతాబా చేత్తో పట్టుకోవాలన్నా వణుకు. అమ్మ గుంటూరులో చదువుకునే రోజుల్లో క్యాడెట్ల దళంలో చేరి, ఓణీ విప్పేసి ఖాకీ ప్యాంటు తొడుక్కుని, నేల మీద బోర్లా పడుకుని గురి పెట్టడం నేర్చుకుంది. డెబ్బైల్లో వాళ్లిద్దరూ నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊళ్లో స్థిరపడ్డారు. అప్పటి క్యారీ అంటే పొగాకు పొలాలు, పైన్ చెట్లు, సాయంత్రం ఏడింటికే మూసేసే కొట్లు. నాన్న మెకానికల్ ఇంజనీరు. అమ్మ ఆస్పత్రిలో అనస్థీషియా డాక్టరు, అంటే ఆపరేషన్‌కి ముందు మనిషికి మత్తు మందు కొలిచి ఇచ్చే పని. ఆదివారాలు మాత్రం ఊరి బయట రైఫిల్ క్లబ్బులో, ముప్పై మంది మగవాళ్ల మధ్య, జడ ముడిచి టోపీలో దోపుకుని, రెండు వందల గజాల దూరంలో ఉన్న కాగితం మీద చిల్లులు పెట్టేది. తెలుగువాళ్ల పిక్నిక్కుల్లో ఆంటీలు చీరల కబుర్లలో ఉంటే, మా అమ్మ మాత్రం గాలి ఎటు వీస్తోందో చూస్తూ కూర్చునేది. నాకు అదంటే ఎంత గొప్పో చెప్పలేను.

తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగుని ఒకసారి సెలవుల్లో ఊరు తీసుకెళ్లి చూపిస్తే అమ్మమ్మ "బుడ్డి" అంది, సన్నటి మెడా కాస్త లావు ఒళ్లూ చూసి. మా ఇంట్లో అదే పేరు ఖాయమైపోయింది. ఒకసారి తుపాకీలో పేలిన బుడ్డి ఆ తుపాకీ కొలతకే సాగుతుంది కాబట్టి, దాన్ని శుభ్రం చేసి మళ్లీ మందూ గుండూ పెడితే కొట్లో కొన్న తూటా కంటే సూటిగా వెళ్తుందని అమ్మ నమ్మకం. అందుకే ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు గడ్డిలో వంగి వంగి బుడ్లు ఏరుకొచ్చేవాళ్లం. నాన్నకి పేలుడంటే భయమే గానీ యంత్రాలంటే ప్రాణం. పాడైపోయిన బట్టల డ్రయ్యర్‌లోంచి మోటారు ఊడదీసి, రెండు ఇనప కడ్డీలకి నీళ్ల గొట్టం రబ్బరు తొడిగి, వాటి మీద బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌ని అడ్డంగా పడుకోబెట్టి, అది దొర్లేలా చేశారు. రాళ్లకి మెరుగు పెట్టేవాళ్ల షాపులో కొన్న సన్నటి పింగాణీ ముక్కలు, నీళ్లు, సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు అందులో వేసి తిప్పితే, శనివారం పొద్దుటంతా ఇల్లు గరగరలాడుతూ ఉండేది. బకెట్ మూత తీయగానే బొగ్గులాంటి నల్లటి నీళ్లు. అమ్మ డాక్టరు కాబట్టి ఆ నీళ్లని విషంలాగే చూసేది. అవి వేరే డబ్బాలో పోయాలి, గరాజ్‌లో బిస్కెట్టు ముక్క కూడా నోట్లో పెట్టకూడదు, పని కాగానే మోచేతుల దాకా రెండుసార్లు సబ్బుతో కడుక్కోవాలి.

ఇత్తడి కదా, చింతపండు పెట్టి తోమలేదా అని మీరు అడక్కముందే చెప్తున్నాను. పెట్టాం, ఒకే ఒక్కసారి. ఇరవై బుడ్లు చింతపండు రసంలో రాత్రంతా నానేస్తే, పొద్దున్నకి రాగి చెంబు రంగు తిరిగి అందంగా మెరిశాయి. నేనూ నాన్నా మురిసిపోయాం. అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. పులుపు ఎక్కువై ఇత్తడిలోని జింక్ కరిగిపోయిందని, ఇంక వాటికి బలం లేదని, పేలిస్తే పగులుతాయని చెప్పి ఇరవైనీ సుత్తితో చితక్కొట్టి పారేసింది. మెరిసేదంతా బాగున్నట్టు కాదని నాకు అప్పుడే కాస్త తెలియాల్సింది.

కడిగిన బుడ్లని ఆరబెట్టడం నా పని. అమ్మ పాత గళ్ల చీర ఒకటి ఇంటి ముందు కారు దారి మీద పరిచి, అంచులకి ఇటుకలు పెట్టి, బుడ్లన్నీ వడియాల్లా వరసగా పేర్చేదాన్ని. మెడలో ఇరుక్కున్న పింగాణీ ముక్కల్ని తలపిన్నుతో లాగేదాన్ని. ఏప్రిల్‌లో పైన్ చెట్ల పుప్పొడి పచ్చగా రాలి చీరంతా పసుపు జల్లినట్టు అయ్యేది. అదే రోజుల్లో ఉగాది వస్తే, పచ్చి మామిడికి బదులు పుల్లటి ఆపిలు, వేపపువ్వుకి బదులు పెరట్లో మొలిచిన డాండిలియాన్ అనే చేదు పూల రేకులు వేసి నాన్న పచ్చడి కలిపేవారు. జూన్ వస్తే పీచ్ పళ్లు, సాయంత్రం సీసాలో పట్టుకునే మిణుగురులు, వీధి పిల్లలతో కిక్‌బాల్. బంతి ఎగిరొచ్చి చీర మీద పడితే బుడ్లన్నీ చెల్లాచెదురై, ఆట ఆపి అందరం మోకాళ్ల మీద పాకుతూ వెతికేవాళ్లం. మా వీధిలో తెల్లపిల్లలకి కూడా వాటిని "బుడ్లు" అనడం అలవాటైపోయింది.

నాకు పదకొండేళ్లు నిండిన ఏడాది ఏప్రిల్‌లో, ఒక శనివారం, పొద్దుట్నుంచీ ముసురు పట్టింది. చీర గరాజ్‌లోనే పరిచాను. మధ్యాహ్నం నా స్నేహితురాలి పుట్టినరోజు, స్కేటింగ్ పార్టీ, కారు వచ్చి వాకిట్లో హారన్ కొడుతోంది. బుడ్లు నాలుగైదు తీసి ఊపాను. రెండిట్లో నీటి చుక్క కదిలినట్టు చేతికి తెలిసింది. తెలిసింది, అదే నా తప్పు. తెలిసి కూడా అన్నిటినీ డబ్బాలో పోసి మూత పెట్టి, "డన్ అమ్మా" అని అరిచి కారెక్కేశాను.

ఆ సాయంత్రమే అమ్మ వాటిలో మందు నింపింది. మర్నాడు క్లబ్బులో, పదమూడో గుండుకి, ఢామ్మనాల్సింది బుస్సుమంది. ఇంకొకరైతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కేవాళ్లే. అమ్మ తుపాకీ కింద పెట్టి చెయ్యి పైకెత్తింది. క్లబ్బు చూసుకునే వాల్టర్ అంకుల్, మెషిన్ షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన, వచ్చి తుపాకీ గడియ వెనక్కి లాగితే సగం కాలిన మందు ఉండలుగా రాలింది. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉంది. దాని వెనక ఇంకో గుండు పేలి ఉంటే గొట్టం పగిలి అమ్మ మొహం మీదికి వచ్చేది. ఆయన కడ్డీ పెట్టి గుండుని బయటికి కొడుతూ, "మందు తక్కువ పడినట్టుంది డాక్టర్, సరిగ్గా అంటుకోలేదు" అన్నాడు. వెనక ఎవరో, ఆడవాళ్ల కొలతలు వంటింట్లోకే సరిపోతాయని నవ్వాడు. అమ్మ తుపాకీ సర్దుకుని కారెక్కింది.

ఇంటికొచ్చి మిగిలిన తూటాలన్నీ విప్పి, ఒక్కోదాంట్లో మందు మళ్లీ తూచింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండో తడి బుడ్డి అంతకుముందు పన్నెండిట్లో ఎలాగో పేలిపోయినట్టుంది, అదృష్టం. అన్నీ సరిగ్గా ఉండటమే అమ్మని ఇంకా కుంగదీసింది, ఎందుకంటే ఆ ఒక్కటి తన చెయ్యి జారి తప్పు పడిందనుకుంది. చెయ్యి జారడం అంటే అమ్మకి తూటాల సంగతి ఒక్కటే కాదు. వంటింట్లో నాన్నతో అంటుంటే విన్నాను, ఆస్పత్రిలో సిరంజిలోకి మందు లాగాక నర్సుని పిలిచి కొలత రెండుసార్లు చదివిస్తోందట. అంతకుముందు ఎప్పుడూ అలా చేసేది కాదు. నేను మెట్ల మీద కూర్చుని అంతా విని, లేచి నా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను, ఆ రేపు రోజూ వచ్చింది, పోయింది.

మే నెలలో తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది, ఆర్నెల్లు ఉండటానికి. వస్తూ లక్షవత్తుల నోము కూడా వెంటబెట్టుకొచ్చింది. ఇక్కడి మందుల షాపులో దొరికే పత్తి చుట్టలు చూసి, గింజ ఏరే పని లేదని ముచ్చటపడి, పొద్దున కాఫీ తాగింది మొదలు ఒళ్లో పత్తి పెట్టుకుని వత్తులు చేస్తూనే ఉండేది. జూన్‌లో మామిడికాయలు దొరక్క, పక్క ఊరి తోటలో గట్టి పచ్చి పీచ్ కాయలు కోయించి ఆవకాయ పెట్టింది. ఆ రెండు రోజులూ వంటింట్లో కర్ఫ్యూ. ఒక్కో ముక్కనీ మెత్తటి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద పరిచి, మళ్లీ తుడిచి, జాడీని ఎండలో బోర్లించి, గరిటెల్ని కూడా ఆరబెట్టింది. నాన్న మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోకి వస్తే, "అల్లుడుగారూ, అక్కణ్ణే ఆగండి! ఒక్క చుక్క పడితే జాడీ మొత్తం బూజే" అని కేక పెట్టింది. ఆ కేకకి నాన్న గ్లాసు అక్కడే పెట్టేసి పెరట్లోకి పోయారు. ఆ ఆవకాయలో వేడన్నం కలుపుకుని తిన్న నోటికి ఆ తర్వాత ఏ ఆవకాయా ఆనలేదు.

ఆగస్టులో, అక్టోబరులో క్లబ్బుల మధ్య జరిగే పోటీకి మా క్లబ్బు జట్టుని ఎంచారు. నలుగురిలో అమ్మ ఒకతె. ఆ జట్టులో ఆడమనిషి పేరు పడటం అదే మొదలు. అమ్మ సంతోషపడాల్సింది పోయి ముభావంగా తిరిగింది. నేను ఎప్పట్లాగే చీర పరిచి బుడ్లు ఆరబెడుతున్నాను. కరోలినా ఆగస్టు అంటే ఎండ ఉన్నా గాలి నిండా చెమ్మే. అమ్మమ్మ నీడలో కుర్చీ వేసుకుని వత్తులు చేస్తూ నన్నే చూస్తోంది.

"పైన ఆరింది సరే, లోపల ఆరిందని ఎట్టా తెలుస్తదే?"

"ఊపితే సౌండ్ రాదు అమ్మమ్మా."

"ఊపితే ఆవకాయ జాడీ కూడా చప్పుడు చెయ్యదు. ఇటివ్వు" అని ఒక బుడ్డి తీసుకుని, చేతిలో ఉన్న వత్తిని దాని మెడలోంచి అడుగుదాకా దూర్చి, మెల్లిగా తిప్పి బయటికి లాగింది. వత్తి కొస తడిసి, బూడిద రంగుగా ఉంది. "చూడు. ఇట్టాంటిదాంట్లో మందు పోస్తే ఏమైద్దే?"

ఏమవుతుందో నాకు తెలుసు. ఏడుపు ఆగలేదు. పదమూడో గుండు సంగతి, స్కేటింగ్ పార్టీ సంగతి, అమ్మ నర్సు చేత చదివించుకోవడం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అమ్మమ్మ వత్తులు ఆపలేదు. అంతా విని, "మీ అమ్మకి తెలుసా?" అంది.

"నువ్వు చెప్పవా ప్లీజ్?"

"నేనెందుకు చెప్తానే? పాడు చేసింది నువ్వు, చెప్పేదీ నువ్వే. తొందరగా చెప్పు. అది లోపల్లోపల నలిగిపోతంది."

రెండు రోజులు గడిచాయి. ఆదివారం సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, అమ్మ వంటింటి గోడ ఫోన్ దగ్గర నిలబడి నాన్నతో అంది: "వాల్టర్‌కి ఫోన్ చేసి నా పేరు తీసేయమని చెప్తా. నా చెయ్యి మీద నాకే కాన్ఫిడెన్స్ లేదు. నావల్ల జట్టుకి మాట రావడం ఎందుకు?" నంబరు తిప్పడం మొదలుపెట్టింది. నేను పరిగెత్తి ఫోన్ కొక్కెం నొక్కి పట్టుకున్నాను.

"డోంట్ కాల్ అమ్మా. ఏప్రిల్‌ది నేను."

"ఏప్రిల్‌ది ఏంటి?"

"బుడ్లలో తడి ఉంది. నాకు తెలుసు. పార్టీకి లేట్ అవుతుందని బాక్స్‌లో పెట్టేశాను. నువ్వు కరెక్ట్‌గానే తూచావు."

అమ్మ నా చెయ్యి తప్పించి ఫోన్ కొక్కేనికి తగిలించింది. "నాలుగు నెలలు, సుధా," అంది. "నాలుగు నెలల నుంచి నేను ఆపరేషన్ రూమ్‌లోకి భయపడుతూ వెళ్తున్నాను. తెలుసా నీకు?" తెలుసు, మెట్ల మీద కూర్చుని విన్నదే. అమ్మ పెరట్లోకి వెళ్లి పైన్ చెట్ల కింద అటూ ఇటూ తిరిగింది. తిరిగొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ, మొహం ఏప్రిల్‌కి ముందు ఉన్నట్టు ఉంది. "నా చెయ్యి బాగానే ఉందండీ" అంది నాన్నతో. నాతో మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు.

నాలుగో రోజు గరాజ్‌లోకి వచ్చి, పోటీ కోసం తీసి ఉంచిన అరవై బుడ్ల పెట్టె నా ముందు పెట్టింది. "ఇవి మ్యాచ్‌వి. కడగడం, ఆరబెట్టడం, చూడటం అన్నీ నువ్వే. నువ్వు ఓకే అన్నాక నేను మళ్లీ చూడను. డైరెక్ట్‌గా మందు పోసేస్తాను" అంది. తిట్టినా కొట్టినా ఇంతకంటే నయం అనిపించింది. అమ్మమ్మ దేవుడి వత్తులు ఇత్తడి పళ్లెంలో వేసుకుని, బుడ్ల వత్తులు వేరే కాఫీ డబ్బాలో నింపి నాకిచ్చింది. వారం రోజులు స్కూలు నుంచి రాగానే అదే పని. వత్తి దూర్చడం, తిప్పడం, లాగడం, కొస పెదవికి దగ్గరగా పెట్టబోయి అమ్మ రూలు గుర్తొచ్చి, చెంపకి ఆనించి తడి ఉందేమో చూడటం, మళ్లీ మొహం కడుక్కోవడం. అరవై బుడ్లకీ మూడేసి సార్లు. మూడోసారి వత్తులన్నీ తెల్లగా, పొడిగా వచ్చాయి. "ఓకే అమ్మా" అన్నాను. అమ్మ నిజంగానే ఒక్కటి కూడా తీసి చూడలేదు.

పోటీ రోజు ఆకులన్నీ ఎరుపు తిరిగి ఉన్నాయి, గాలి చల్లగా ఉంది. చెవులకి మూతలు పెట్టుకుని అమ్మ వెనక గీత అవతల నేను, నాన్న, దుప్పటి కప్పుకుని అమ్మమ్మ. అమ్మ బోర్లా పడుకుని తుపాకీకి చెంప ఆనించింది. నేను చప్పుళ్లు లెక్కపెట్టాను. పన్నెండు. పదమూడో గుండు. ఢాం. ఆ తర్వాత కూడా లెక్క ఆపలేదు. అరవైకి అరవై పేలాయి. మా జట్టు రెండో స్థానంలో వచ్చింది. జట్టు నలుగురిలో ఎక్కువ గురి అమ్మదే. ఏప్రిల్‌లో వెనకనుంచి నవ్విన మనిషి అమ్మతో చెయ్యి కలిపి వెళ్లాడు. వాల్టర్ అంకుల్ కింద పడ్డ బుడ్డి ఒకటి తీసి వెలుగుకి పట్టుకుని, తూటాల పని ఇంత శుభ్రంగా చేసిందెవరని అడిగాడు. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "మా ఇన్‌స్పెక్టర్" అంది. అమ్మమ్మ కాఫీ డబ్బాలోంచి గుప్పెడు వత్తులు తీసి ఆయన చేతిలో పోస్తే, ఆయన టోపీ తీసి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత ఐదారేళ్లు ఆ క్లబ్బులో చాలామంది దగ్గర పత్తి వత్తులు ఉండేవి, మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవని చెప్పుకునేవారు. లక్షవత్తుల్లో ఇవి కలిపావా అని అడిగితే, అమ్మమ్మ "ఛీ, అవి వేరే లెక్క" అనేది.

ఆ క్లబ్బు ఉన్నచోట ఇప్పుడు టౌన్‌హౌస్‌లు. పొగాకు పొలాలు లేవు, పచ్చి పీచ్ కాయలు కోయనిచ్చే తోట లేదు, వాల్టర్ అంకుల్ లేడు, అమ్మమ్మ నోము తీర్చుకుని వెళ్లి, ఇంకో పదేళ్లకి పోయింది. అమ్మ రిటైరయ్యేదాకా మళ్లీ ఎవరి చేతా సిరంజి చదివించుకోలేదు. నేను ఇరవై ఆరేళ్లుగా ఒక మందుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం చేస్తున్నాను. నేను బాగుందన్న సీసాని నా తర్వాత ఇద్దరు చూస్తారు, ముగ్గురం సంతకాలు పెడతాం, పైన కెమెరా ఉంటుంది. మందుల విషయంలో అలాగే ఉండాలి, కాదనను. కానీ తప్పు చేసి నాలుగు నెలలు దాచిన ఒక పిల్ల మాట మీద, ఒక్కటి కూడా తీసి చూడకుండా, అరవై సార్లు చెంప ఆనించి ట్రిగ్గర్ నొక్కిన మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆ పిల్ల నేనే. ఆ చెంప మా అమ్మది.